గెడ పాతినవాళ్ళు

చచ్చిన నీటికుక్క గెడల వరస అవతలి నుంచి కొట్టుకొచ్చి పడవకు తగిలింది. మొండక్క తెడ్డు ఆపి వంగి చూసింది. పాలిస్తున్న తల్లి. మెడ మీద వలతాడు గాట్లు లేవు. నోటి నిండా బురద ఉంది. దాని వెనకే పిల్ల వచ్చింది. దాని నోట్లోనూ బురదే.

ఆ సరస్సు మీద బతికేవాళ్ళు నీటికుక్కల్ని అల్లుళ్ళంటారు. పిలవకుండా వస్తాయి, మంచి చేప చూసుకుని తింటాయి, పోతూ పోతూ వల చింపి పోతాయి. అయినా కొట్టడానికి చెయ్యి రాదు. ఒకప్పుడు సరస్సంతా ఉండేవి. ఒడ్లకు సిమెంటు పోశాక, ఫ్యాక్టరీ నీళ్ళు వచ్చి కలిశాక, మిగిలిన నాలుగూ తూర్పున జమ్ముగడ్డి దుబ్బుల్లోకి చేరాయి. చేపలు గుడ్లు పెట్టేదీ ఆ జమ్ములోనే. అల్లుళ్ళకూ చేపలకూ మిగిలిన పురిటిగది అదొక్కటే.

అందుకే గెడ. జమ్ములో పిల్లల్నో గుడ్లనో ముందు చూసినవాళ్ళు అక్కడ ఒక గెడ పాతి, కొసకు పాత గుడ్డ కడతారు. ఆ గెడ దాటి పడవ పోదు. ఎవరు పాతారని అడగరు. అడిగితే పాతినవాళ్ళ మాట నమ్మనట్టు. పాతినవాళ్ళే పీకాలి. ఇంకొకరి గెడ మీద చెయ్యి వెయ్యడమంటే ఇంకొకరి వంటింట్లో కుండ మూత తీసి చూడటమే.

ఈ ఏడు జమ్ములోకి పోయే దారి పొడవునా గెడలు లేచాయి. జనం సంతోషించారు. అల్లుళ్ళు ఈసారి బాగా కన్నారనుకున్నారు. జమ్ము చేప లేకపోతే పొయ్యి సగమే మండుతుందని తెలిసీ పడవలు పడమటికి తిప్పుకున్నారు. జమ్ము వెనక ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది. కాలువలో పూడిక తీస్తున్నారని ప్రభుత్వం బోర్డు పెట్టింది కాబట్టి అదే అనుకున్నారు.

మొండక్క పిల్లను పడవలోకి తీసి గోనె కప్పింది. తల ఎత్తితే ఎదురుగా గెడ. దాని కొసన గుడ్డ. గుడ్డకు వేసిన ముడి చూసి ఆమె తెడ్డు పట్టు బిగించింది. వలలు అల్లడం ఆమె పని. ఏ ముడి ఏ చేతిదో చూస్తే తెలుస్తుంది. ఇది ఎడమచేతివాటం ముడి. దాన్ని తను ఒక్కడికే నేర్పింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గెడ దాటింది.

అవతల జమ్ము లేదు. పసుపుపచ్చ నీళ్ళు, వేళ్ళతో సహా పెకలించిన దుబ్బుల గుట్టలు, ఇసుక నింపుకుంటున్న పడవలు. మధ్యలో బల్లకట్టులాంటి పంటు మీద ఎక్కించిన పొక్లెయిన్. దాని క్యాబిన్లో ఆమె తమ్ముడు.

అక్కను చూసి వాడు ఇంజను తగ్గించాడు.

"ఎందుకొచ్చావక్కా? సూపర్‌వైజర్ చూస్తే ఊరుకోడు, వెళ్ళిపో."

"ఆ ముడి నీదేనా?"

వాడు చేతిలోని గుడ్డతో లివరు తుడిచాడు.

"నిన్నేరా అడిగేది."

"గెడలు పాతి గుడ్డలు కట్టమన్నారు, కట్టాను. గెడ సంగతి కాంట్రాక్టరుకు నేనే చెప్పానని కాదు, ఊరందరికీ తెలిసిందేగా. నేను తవ్వకపోతే ఇంకొకడు తవ్వుతాడక్కా."

"తవ్వేవాడు ఎక్కడైనా దొరుకుతాడు. ఆ ముడి వేసేవాడు నువ్వు కాకపోతే వాళ్ళకు దొరికేవాడు కాదు."

గోనె తీసి చూపించింది. వాడు చూసి మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం ఐసు షెడ్డులో మీటింగు. ఖాళీ పెట్టెలు బోర్లించి కూర్చున్నారు. పిల్లను మధ్యలో ఐసు మీద పెట్టారు. అందరూ ఒక్కసారి మాట్లాడుతున్నారు.

"పొద్దున్నే పోయి గెడలన్నీ పీకేద్దాం. ఇందులో మీటింగేముంది?" అన్నాడు పడవలు చేసే వడ్రంగి.

"పీకరాదు." అందరిలోకీ పెద్దవాడైన తాత అన్నాడు. "దొంగ గెడైనా గెడే. ఈరోజు మనం పీకితే రేపు ప్రతివాడూ పీకుతాడు. నాకు నచ్చని గెడ దొంగగెడే అంటాడు. ఆ తర్వాత గుడ్డకు విలువుండదు."

"అయితే దండం పెట్టుకుని కూర్చుందామా తాతా?"

"అల్లుళ్ళ కోసం జైలుకెళ్ళిన మామలు ఎక్కడైనా ఉన్నారా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఐసు మీది పిల్ల వైపు చూసి ఆగిపోయాయి.

చేపలమ్మే వదిన లేచింది. "నా తట్ట చూడండి. అల్లుళ్ళు తిరిగినన్నాళ్ళు తట్ట నిండింది. అవి పోయిన వైపు ఏం దొరుకుతోంది మీకు? మురుగు దొరుకుతోంది. అవి లేని నీళ్ళలో మనమూ ఉండం. ఇంత చిన్న సంగతికి నవ్వులెందుకు?"

సంఘం కార్యదర్శి అప్పటిదాకా వింటూనే ఉన్నాడు. ఆయనకు ఉపన్యాసం అలవాటు. ఆ రోజు తక్కువ మాట్లాడాడు. "కాంట్రాక్టరు మనకు కంచె వెయ్యలేదు. కాపలా పెట్టలేదు. మన మర్యాదనే తీసి మనకు అడ్డం పాతాడు. వాడి ఖర్చు గుడ్డపేలికలు. ఇందాక ఆఫీసులో అర్జీ పెడితే ఏమన్నారో తెలుసా? మీ జనమే గెడలు పాతుకుని రావడం మానేశారు, ఇక నష్టమెవరికి అన్నారు."

మొండక్క లేచి పిల్ల మీద గోనె సర్దింది.

"వాడికి మన గెడ అంత బాగా తెలిస్తే, మన గెడలే చూపిద్దాం," అంది మొండక్క. "ఇంటికొకటి. పంటు చుట్టూ."

తాత తల ఊపాడు. "అది చెయ్యొచ్చు. మిగిలిన దుబ్బుల్లో ఇంకా పిల్లలుంటాయి. గెడ పాతడానికి కారణముంది."

తెల్లవారాక పడవలు కదిలాయి. దొంగ గెడల పక్కనుంచే పోయారు, ఒక్కటి తాకలేదు. పంటుకు నాలుగు వైపులా గెడలు దించారు. చీర చెంగులు, లుంగీ ముక్కలు, పసిపిల్ల గౌను, ఏది దొరికితే అది కట్టారు. ఒక్కో గెడ దగ్గర ఒక పడవ. ఇసుక పడవలు నడిపేవాళ్ళు ఆ గుడ్డలు చూసి చుక్కానులు వదిలేశారు. వాళ్ళూ ఆ నీళ్ళలో పుట్టినవాళ్ళే. క్యాబిన్లో తమ్ముడు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

కాంట్రాక్టరు మోటారు బోటులో వచ్చాడు. వెంట ఇన్‌స్పెక్టరు, పోలీసులు.

"ఈ గెడలు ఎవరు పాతారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది అడగకూడదండీ," అంది చేపల వదిన.

"వేళాకోళమా?"

"కాదండీ. మేమూ అడగలేదు. అడక్కపోబట్టే ఇంతదాకా వచ్చింది."

కాంట్రాక్టరు కోపంగా మాట్లాడలేదు. అలవాటుగా మాట్లాడాడు. "నాలుగు నీటికుక్కలకు ఇంత గొడవా? ఊళ్ళో ఇళ్ళు కట్టద్దా? మీ పిల్లలకే కదా ఇక్కడ పనిచ్చింది. ఒరేయ్, ఇంజను వెయ్యి."

తమ్ముడు కదల్లేదు. "గెడలున్నాయండీ," అన్నాడు.

"నువ్వు పాతలేదూ గెడలు? అప్పుడు లేని భక్తి ఇప్పుడెక్కడిది?"

ఆ మాట అన్ని పడవల్లోనూ వినిపించింది. తమ్ముడు క్యాబిన్ దిగి పంటు అంచున నిలబడ్డాడు. సూపర్‌వైజర్ వాణ్ణి పక్కకు నెట్టి తను ఎక్కాడు. అతను యంత్రాన్ని నడిపించినవాడే కానీ నడిపినవాడు కాదు. బకెట్ లేచింది, గిర్రున పక్కకు తిరిగింది. పడవలు వెనక్కి పోయాయి. తాత పోలేదు. గెడను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. బకెట్ గెడను విరిచి, పడవను విరిచి, నీళ్ళలో దిగింది.

తమ్ముడు దూకాడు. చాలాసేపటికి తాతను పైకి తెచ్చాడు. మొండక్క చేతులందించింది. పడవలో పడుకోబెట్టారు. తాత నోటి నిండా బురద.

తమ్ముడు ఈదుకుంటూ జమ్ము దారికి పోయాడు. మొదటి గెడ పీకాడు. తర్వాతది పీకాడు. కాంట్రాక్టరూ, పోలీసులూ, ఊరూ చూస్తుండగా ఒక్కొక్కటే పీకి నీళ్ళ మీద పడేశాడు. చివరిది పీకాక తిరిగి వచ్చి, "ఇవి నేను పాతాను. పాతించింది ఆయన," అన్నాడు. "మిగతావి మీరు పీకలేరు."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నది వేరు. పనికి అడ్డం పడి ముసలివాడి చావుకు కారణమయ్యారని రాసుకున్నాడు. మొండక్కను, కార్యదర్శిని, చేపల వదినను, తమ్ముణ్ణి వ్యాను ఎక్కించాడు. సూపర్‌వైజర్ని కాంట్రాక్టరు బోటులో ఇంటికి పంపాడు.

కోర్టుకు తీసుకెళ్ళేటప్పుడు అక్కాతమ్ముళ్ళు వ్యానులో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక సంకెల ఇద్దరికీ వేశారు.

"నాతో మాట్లాడవా అక్కా?"

"పైకి తెచ్చేటప్పుడు ఊపిరి ఉందా?"

"లేదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, "చెయ్యి లాగకు, ఒరుసుకుంటోంది," అంది. వాడు చెయ్యి ఆమె మోకాలి దగ్గరగా పెట్టాడు.

ఇసుక డిపో దగ్గర వ్యాను ఆగింది. కోర్టుకు దారి డిపో గేటు ముందునుంచే. లారీలు గేటు అవతలా ఇవతలా వరసగా ఆగి ఉన్నాయి. లోడెత్తే కూలీలు పారలు పక్కన పెట్టి నేల మీద కూర్చున్నారు. వాళ్ళలో సరస్సు ఎరిగినవాళ్ళు లేరు. ఎక్కడెక్కడి ఎండిన ఊళ్ళ నుంచో వచ్చి ఇసుక మోసేవాళ్ళు. రోడ్డు మధ్యన గుంట తీసి గెడ పాతి, కొసకు గుడ్డ కట్టి ఉంది.

"ఎవరిదయ్యా ఇది? తీయండి," అన్నాడు కానిస్టేబులు దిగి.

ఎవరూ లేవలేదు. ఒక కూలీ మనిషి ఒడిలో పిల్లకు పాలిస్తూ, "పాతినోళ్ళే పీకాలంట కదా," అంది. "వాళ్ళను వెతుక్కోండి."

కానిస్టేబులు గెడ చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయ్యి చాపి మళ్ళీ దించుకున్నాడు.

మొండక్క కిటికీ ఊచల్లోంచి ముడి చూసింది. ఇసుక బస్తా మూతికి కట్టే పురికొస. అడ్డదిడ్డంగా చుట్టి, పైన మళ్ళీ చుట్టారు. ఆమె నేర్పిన ముడి కాదు. ఆమెకు తెలిసిన చెయ్యీ కాదు.

"ఊడిపోతుందేమో," అన్నాడు తమ్ముడు.

"ఊడదు," అంది.

డ్రైవరు కాసేపు హారను కొట్టాడు. తర్వాత వ్యానును వెనక్కి తిప్పాడు.