సరోజనక్క పేరు మీద బియ్యం

పెత్తరమాసకు అత్తగారి తరఫు బియ్యం మా ఆయననే ఇచ్చుకొమ్మని చెప్పి, ముందురోజే మంథనిలో బస్సెక్కాను. పెద్దపల్లిలో రైలు పట్టుకుని బెల్లంపల్లిలో మా అన్న రాజేశం ఇంటికి చేరాను. చుట్టపు చూపుకు కాదు, కొట్లాటకే వెళ్లాను.

పెత్తరమాస నాడు పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి గుడిలో పూజ చేసే అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. పేరు పలకలేదంటే ఆ మనిషి ఆ ఇంట్లో పుట్టనట్టే. మా అక్క సరోజన పోయి రెండేళ్లు. నిరుడు అన్న మమ్మల్ని కన్న బాపు పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు, లేచి వచ్చేశాడు. అదేమంటే, "పెండ్లిగాని ఆడిదానికి ఇయ్యరట చెల్లె" అని ఫోన్లో గొణిగాడు. నా కడుపు మండిపోయింది. నేనే ఇద్దామంటే పెళ్లయి గోత్రం మారినదాన్ని. అన్నే ఇవ్వాలి. ఈసారి ఇప్పించకుండా తిరిగి వెళ్లేది లేదనుకున్నాను.

బాపు బొగ్గుబాయిలో నడుం విరిగి మంచాన పడ్డప్పుడు అక్కకు పంతొమ్మిదేళ్లు. ఆ ఏడాది కుట్టుమిషన్ ముందు కూర్చుంది, ఇక లేవలేదు. మొదటి షిఫ్టు సైరన్‌కు మొదలుపెట్టేది. అట్లాగని దేవతేం కాదు. అబ్బో, ఆ నోరు! కొలత ఒకటిచ్చి కుట్టాక మాట మార్చినవాళ్లను వీధి చివరిదాకా తిట్టేది. అన్నం సహించేది కాదు, చాయ్‌లో రస్కులు ముంచుకుని పూట గడిపేది. నన్ను సాకింది, అన్నను చదివించింది. అన్న కూతురు భూమిక ఆ మిషన్ పక్కనే పెరిగింది, చప్పుడు ఆగితే నిద్రలేచి ఏడ్చేది. ఇంత చేసిన మనిషికి పిడికెడు బియ్యం లేవా?

మర్నాడు గుడి వసారా జనంతో కిటకిటలాడుతోంది. భూమిక సంచి పట్టుకుని మా వెంట వచ్చింది. మా వంతు రాగానే అన్న అయ్యగారి ముందు కూర్చోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్క పేరు చెప్తవా, చెప్పవా?"

"మల్ల షురూ చేసినవా? గోత్రం ఏమని చెప్పాలె? అత్తిల్లు లేకపాయె."

అయ్యగారు విననే విన్నారు. "పెండ్లి గాకుంటే పుట్టింటి గోత్రమే నాయనా. గా దానికి పరేషాన్ ఎందుకు? పేరు చెప్పు."

అడ్డం తొలగిపోయింది. అయినా అన్న కూర్చోలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. అన్నను ఆపుతున్నది ఆచారం కాదని అప్పుడర్థమైంది నాకు.

"పెద్దపల్లి సంబంధం యాదికొస్తుందా అన్నా?"

ఉలిక్కిపడ్డాడు. అక్కకు ఇరవై రెండేళ్లప్పటి సంగతి. పిల్లవాడికి రైల్వేలో కొలువు. వాకిట్లో వాళ్లతో మాట్లాడింది అన్న ఒక్కడే. 'మా అక్క పెండ్లి చేసుకోనంటుంది' అని చెప్పి పంపించేశాడు. అక్క ఆ మాట ఎన్నడూ అనలేదు. అన్న అప్పుడే ఐటీఐలో చేరబోతున్నాడు. అక్క వెళ్లిపోతే ఇల్లు నడిచేదెట్లా అని భయపడ్డాడు, అంతే.

"అక్కకు తెల్వదనుకున్నవు గదా? తలుపు ఎనుకనే ఉన్నం ఇద్దరం. అంతా విన్నది. నేను బయటికి ఉరుకుతుంటే నా రెక్క పట్టి ఆపింది. 'ఊకో జమునా, వాన్ని చదువుకోనీ' అన్నది. గా దినమే నీ ఐటీఐ ప్యాంటు కుట్టింది."

అన్న ముఖంలో నెత్తురు లేదు. "ముప్పై ఏండ్లు... ఒక్క మాట అనలేదు గదనే!"

"అన్నిటికీ తిట్టింది నిన్ను. గా ఒక్కదానికే తిట్టలే."

అన్న కూలబడ్డట్టు కూర్చున్నాడు. భూమిక బియ్యం ముందుకు జరిపింది. అయ్యగారు నీళ్ల చెంబు అందుకుని, "మొదలు తండ్రి పేరు చెప్పు" అన్నారు.

"మొదలు మా అక్క" అన్నాడు అన్న. "సరోజన." కళ్లు తుడుచుకుని, వెనక వరసలో వాళ్లు కూడా తలలెత్తి చూసేటంత గట్టిగా మళ్లీ చెప్పాడు. "సరోజన. మా అక్క. నన్ను సాది పెద్దజేసింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.

భూమిక సంచిలోంచి రస్కుల ప్యాకెట్ తీసి బియ్యం మీద పెట్టింది. "మా అత్తకు బువ్వ పోదు అయ్యగారూ. గివి తింటది."

అయ్యగారు నవ్వి అన్న చేత నీళ్లు వదిలించారు. తర్వాత బాపు పేరు చెప్పమని అన్నను రెండుసార్లు అడగాల్సి వచ్చింది.