బేస్తవారం ఎర్రచీర

మొగులయ్య నోట్లోంచి నిజం రావడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. బడిలో అటెండరుగా ఇరవై ఏళ్లనుంచీ గంట కొడుతున్నాడు, నీళ్లు మోస్తున్నాడు, ఈ రెండింటి నడుమ కాస్త సందు దొరికితే కోతలు కోస్తున్నాడు. నర్సాపూర్ అడవిలో పులి తనను బీడీకి అగ్గి అడిగిందంటాడు. ఇచ్చావా అంటే, "ఇయ్యక సస్తనా, దాని దగ్గర బీడీ ఉండె, నా దగ్గర అగ్గిపెట్టె ఉండె" అంటాడు.

బడి వెనక వాగు రోజుకో రంగు మారడం మొదలైనప్పుడు పిల్లలు అతన్నే అడిగారు.

"గంగమ్మ చీరలు మారుస్తది బిడ్డా. సోమారం పచ్చది, మంగళారం కాఫీరంగుది, బేస్తవారం ఎర్రది."

ఎగువన మందుల కంపెనీ గొట్టం వాగులోకి దిగిందని అతనికి తెలుసు. కొడుకు యాదన్న ఆ కంపెనీలోనే పనిచేస్తాడు. చీర అంటే పిల్లలు నవ్వుతారు. గొట్టం అంటే రాత్రి బువ్వ దగ్గర కొడుకు ముఖం చూడాలి. అందుకే చీర అన్నాడు.

రెండువేల ఒకటో సంవత్సరంలో ఆ కంపెనీయే బడికి ఒక కంప్యూటర్ ఇచ్చింది. దానికి దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. టీవీలా ఉన్నదాన్ని ఊరంతా కంప్యూటర్ అన్నారు. కింద ఉన్న పెట్టెను స్టెబిలైజర్ అన్నారు. వోల్టేజీ నిలవని ఆ ఊళ్లో ప్రతి టీవీ కిందా ఒక స్టెబిలైజర్ ఉంటుంది మరి. ఏలూరు నుంచి వచ్చిన రామలింగేశ్వరరావు సారు, "అది సీపీయూ, అసలు కంప్యూటరంటే అదే" అని రెండుసార్లు దిద్ది, మూడోసారి ఊరుకున్నాడు.

ఎక్కాలు రాని పిల్లలు కూడా కీబోర్డు ముందు కూర్చుంటే కదలడం లేదని సారు గమనించాడు. వాళ్లకో పని పెట్టాడు: తాత అబద్ధాన్ని పట్టుకోవాలి. రోజూ పొద్దున వాగు రంగు చూసి ఎక్కించాలి. కూడికలు వస్తాయని దాని పక్కనే ఆ రోజు బడికి రానివాళ్ల సంఖ్య కూడా ఎక్కించమన్నాడు. ఈ పని మొగులయ్య మనవరాలు సోమమ్మది. ఐదో తరగతి. మొగులయ్య తన తల్లి పేరే ఆమెకు పెట్టుకుని సోమీ అని పిలుచుకుంటాడు. సోమి రెండు వేళ్లతో కోడి గింజలేరినట్టు కొట్టేది. నెల తిరిగేసరికి సారుకే లెక్కలో తప్పు చూపించింది.

మూడు నెలల తర్వాత సారు ఏదో నొక్కితే అంకెలన్నీ లేచి రంగురంగుల కడ్డీలై నిలబడ్డాయి.

"తాతా, నువ్వు చెప్పింది నిజమే. బేస్తవారం ఎర్రచీరే" అంది సోమి. తరగతంతా చప్పట్లు కొట్టింది. సారు కొట్టలేదు.

"ఎర్ర కడ్డీ పక్కన పొడుగ్గా లేచింది చూడు మొగులయ్యా. అది శుక్రవారం రానివాళ్లది. ప్రతి వారం అంతే."

"శుక్రారం అంగడి గద సార్, ఊరంత సంతకు పోతది."

"నేనూ అంగడే అనుకున్నాను. మూడేళ్లుగా రిజిస్టర్లో నా చేత్తోనే రాశాను. కనపడలేదు. వాంతులు, కడుపునొప్పి అని చెబుతూనే ఉన్నారు."

మొగులయ్య మూలనున్న రెండు కుండల వైపు చూశాడు. వాగు ఒడ్డున ఉన్న చేతిపంపు నుంచి రోజూ వాటిని నింపేది తనే. బడికి వేరే నీళ్లు లేవు.

ఆ సాయంత్రం హోటల్ దగ్గర, బోరింగు నీళ్లు తాగే పిల్లలకు వాంతులవుతున్నాయని అందరికీ చెప్పాడు. రాములు చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పులికి అగ్గి ఇస్తివి. ఇగ బోరింగుల ఇషం కలిపినవా మొగులన్నా?"

ఇంట్లో యాదన్న నవ్వలేదు. "నాయినా, నీ కోతలు బడి దాకనే ఉంచు. కంపెనీ దాక తేకు" అన్నాడు, కంచంలోంచి తల ఎత్తకుండా.

"నిన్ను నమ్మరు. నేను పరాయివాణ్ణి" అన్నాడు సారు మర్నాడు బడిలో. "పెట్టెను నమ్ముతారు. శుక్రవారం తల్లిదండ్రులను పిలిచి తెర మీదే చూపిద్దాం."

ఆ మాట ఎవరు మోశారో తెలియదు. బేస్తవారం ఉన్నట్టుండి సారును సంగారెడ్డిలో మీటింగుకు రమ్మన్నారు. మధ్యాహ్నం తిండి గంట దాటగానే బడి ముందు కంపెనీ జీపు ఆగింది. ఇస్త్రీ చొక్కా మనిషి దిగి, వాగు వాసనకు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని వరండాలోనే నిలబడ్డాడు.

"కంప్యూటర్‌కు వైరస్ పట్టిందట. బాగుచేసి పంపిస్తం."

"పిల్లలకు పట్టిననాడు రాలే జీపు" అన్నాడు మొగులయ్య.

"ఏమన్నవ్?"

"ఏం లే సార్. లోపల ఉన్నది, తీస్కపోండి."

కూలివాడు తెర ఎత్తాడు, కీబోర్డు చంకన పెట్టాడు. దండ ఎండిపోయి వేలాడుతున్న పెట్టెను చూసి, "యే క్యా హై?" అన్నాడు.

"స్టెబిలైజర్. మా బడిది."

వాడింట్లోనూ టీవీ కింద ఒకటి ఉండి ఉంటుంది. తల ఊపి వెళ్లిపోయాడు.

జీపు కదిలాక సోమి దగ్గరికొచ్చింది. "తాతా, గది స్టెబిలైజర్ గాదు. మన లెక్కలన్నీ దాన్లనే ఉన్నయి."

"నాకెర్కనే బిడ్డా."

"ఇయ్యాల ఎర్రచీర. రేపు పదకొండు మంది రారు" అంది, టైమెంతో చెప్పినంత మామూలుగా.

"ఎవరెవరో చెప్పలేదా నీ కంప్యూటరు?"

"పేర్లు చెప్పదు తాతా. మంది ఎంతనో చెప్తది."

మొగులయ్య తరగతిలో ఒక్కొక్క ముఖాన్నే చూసుకుంటూ వచ్చి సోమి దగ్గర ఆగాడు. ఆమె చేతిలో గ్లాసు ఉంది. మూతి తడిగా ఉంది.

అతను రెండు కుండలూ వాకిట్లో బోర్లించాడు. పానా తీసుకుని చేతిపంపు దగ్గరికి పోయి, బోల్టు విప్పి, పిడి ఊడదీశాడు. తలెత్తితే మలుపు దగ్గర దుమ్ము. జీపు తిరిగి వస్తోంది. తెర తెచ్చినవాణ్ణి కంపెనీలో ఎవరో పెట్టె ఏదని అడిగినట్టున్నారు.

వేళకాని వేళ బడి గంట మోగితే, ఏ పిల్లకు ఏమైందోనని ఊరంతా ఉరికి వస్తుంది. అతని మాటకు రానివాళ్లు గంటకు వస్తారు.

"సోమీ, గంట కొట్టు. నేను చెప్పిందాక ఆపకు" అని కేకేశాడు.

తను లోపలికి పోయి పెట్టెను గోడకు జరిపి దాని మీద కూర్చుని, పంపు పిడి ఒళ్లో పెట్టుకున్నాడు. బయట గంట మొదలైంది. జీపు చప్పుడు దగ్గరవుతోంది. దాని వెనక, దూరంగా, ఆడవాళ్ల మాటలు కూడా వినపడుతున్నాయి. మొగులయ్య దెబ్బలు లెక్కపెట్టాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

జీపు ఇంకా వాకిట్లోకి రాలేదు. అయినా పదోది వినపడలేదు.