నేను దులిపేసిన సాలెగూడు

బూజంటే నాకు ఒళ్ళు మంట. ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్సులో పదకొండేళ్ళుగా ఉంటున్నాం, మా ఇంట్లో ఏ గోడ మూలైనా ఒక్క పోగు వేలాడటం చూశారేమో ఎవరినైనా అడగండి. అందుకే ఆ శనివారం పొద్దున్నే బూజుకర్ర పట్టుకుని, బాల్కనీలో కరివేపాకు కుండీ పైనున్న సాలెగూడును ఒక్క విసురుతో దులిపేశాను.

పది నిమిషాలకు మా అమ్మాయి కిరణ్మయి లేచి, బాల్కనీలోకి వెళ్ళి కెవ్వుమంది.

"మమ్మీ, యే క్యా కియా, ఏం చేశావ్? అది నా సాలీడు!"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. నోయిడాలో తను పరిశోధన చేసే ల్యాబులో ఒక మైక్రోస్కోపు ఉందట. కంటికి ఆనని వాటిని అతి సన్నని మొనతో తడిమి బొమ్మ గీస్తుందట. మూడు నెలలు ఎదురుచూడగా సోమవారం పదకొండింటికి కిరణ్మయి వంతు వచ్చింది. అది పోతే మళ్ళీ మూడు నెలలు. ఈలోగా రిపోర్టు గడువు దాటిపోతుంది.

"ఆ బూజే కావాలంటే మెట్ల కింద బోలెడుంది కదే," అన్నాను.

"గూడు కాదు మమ్మీ. దానికి దుమ్ము పడుతుంది. సాలీడు కిందికి దిగేటప్పుడు వదిలే ఫ్రెష్ దారం కావాలి. ఇవాళ తీద్దామనుకున్నా."

నా ప్రాణం ఉసూరుమంది. చేసిన ఘనకార్యం నాదే కాబట్టి నేనే కుండీ పక్కకు జరిపాను. సాలీడు అక్కడే ఉంది! చటుక్కున గదిలోకి పరుగెత్తింది. మా ఆయన ఉమాశంకర్ గారు అండర్ సెక్రటరీ, పైఆఫీసర్లు అరిచినా తొణకని మనిషి. ఆయన పేపరుతో సహా దివాన్ ఎక్కి నిలబడ్డారు.

"అన్నపూర్ణా, ఎటు పోయిందే అది?"

కిరణ్మయి దాన్ని పెన్సిల్ మీదికి ఎక్కించి మెల్లగా తట్టింది. అది దారం వదులుతూ కిందికి జారింది. ఆ దారాన్ని తీగతో వంచిన చిన్న చట్రానికి చుట్టాలి. చుట్టింది, తెగింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ తెగింది. ఆరోసారికి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ల్యాబులో కూడా ఇంతే. ముప్ఫై ఒక్క చట్రాలు పాడుచేశా."

"లే అవతలికి," అన్నాను.

ఏటా కార్తీకానికి లక్షవత్తులు చేసే చేయి నాది. దూది పోగు లాగేటప్పుడు తొందరపడితే తెగుతుంది, ఆగితే ఉండ కడుతుంది. ఆ వేగం నా వేళ్ళకు తెలుసు. సాలీడును చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది కనుక దారాన్నే చూస్తూ చుట్టాను. అది దిగుతూనే ఉంది, నేను చుడుతూనే ఉన్నాను. చట్రం నిండింది. కిరణ్మయి సాలీడును తీసుకెళ్ళి మళ్ళీ కరివేపాకు కుండీ దగ్గరే వదిలింది.

సోమవారం సాయంత్రం కిరణ్మయి చెప్పులైనా విప్పకుండా ఫోను నా ముందు పెట్టింది. వెంట్రుకలో పదోవంతు కూడా లేని ఆ దారం లోపల, పళ్ళెంలో సర్దిన వత్తుల్లా పక్కపక్కనే ఎన్నో పోగులు!

"ఒక్కో పోగులో గట్టి గింజల్లాంటివి ఉంటాయి మమ్మీ, మధ్యలో మెత్తగా ఉంటుంది. అందుకే సాగుతుంది, ఈజీగా తెగదు."

"మరి నీ చేతిలో తెగిందేం?"

నవ్వేసి ఇంకో ఫొటో చూపించింది. దారం దాచిన డబ్బీ అది. పాత డబ్బీలన్నిటి మీదా ఇంగ్లీషులో కిరణ్మయి పేరూ నంబరూ ఉండేవట. దీని మీద వంకర అక్షరాలతో తెలుగులో 'అమ్మ' అని రాసి ఉంది. రెండు వేసవి సెలవులు కూర్చోబెట్టి నేర్పి, ఇక ఈ ఢిల్లీ పిల్లకు రాదని నేను వదిలేసిన అక్షరాలు!

"ప్రొఫెసర్ ఎవరు చుట్టారని అడిగారు. సాటర్‌డే ఇంకొకటి చుడతావా అమ్మా?"

ఆ శనివారం ఇల్లంతా దులిపాను. కరివేపాకు కుండీ దగ్గరికి వచ్చేసరికి బూజుకర్ర గోడకు ఆనించి, కొత్త గూడుకు తగలకుండా బట్టలు ఆరేసే తాడు విప్పి ఇవతలి వైపు కట్టాను.