సంగీతం గది

ఉదయం తొమ్మిదింటికి హైస్కూలు గేటు దగ్గర ట్రాలీ ఆటోలోకి హార్మోనియం ఎక్కిస్తుంటే పేరంటాలు చూసింది. తర్వాత తబలాలు, డోళ్ళు, పిల్లలు వేసిన బొమ్మల అట్టలు. సంగీతం మాస్టారు బర్నబాస్ ఖాళీ చేతులతో పక్కన నిలబడి ఉన్నాడు.

పేరంటాలు రేపల్లె రోడ్డులోని షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. రెండేళ్ళ కిందట ఆమె కూతురు ఇందు ఎనిమిదో తరగతిలో చదువు మానేసి అదే షెడ్డులో కూర్చుంది. బర్నబాస్ వెతుక్కుంటూ వచ్చి, "డోలు వాయిద్దువుగాని రామ్మా" అని తీసుకుపోయాడు. డోలు కోసం వెళ్ళిన పిల్ల లెక్కలకీ కూర్చుంది. ఇప్పుడు పదో తరగతి.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారండి?" అని అడిగింది.

జవాబు రమేష్ బాబు చెప్పాడు. షెడ్డు అతనిదే. బడి కమిటీలోనూ అతని మాటే చెల్లుతుంది.

"పాటలకీ బొమ్మలకీ నిధులు దండగని తీర్మానం చేశాం పేరంటాలూ. ఆ గదిలో ఎంట్రెన్సు కోచింగ్ పెడతాం."

"మీ పాప తెనాలిలో వీణ నేర్చుకుంటోంది కదండి. అది దండగ కాదా?"

"అది వేరు. నువ్వు పనికి పో."

పోయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నలభైమంది ఆడవాళ్ళకీ జరిగింది చెప్పింది.

"పాట అన్నం పెడుద్దా ఏంటి? కోచింగ్ మంచిదేగా" అంది పద్మజ.

"మార్కులొచ్చేవాళ్ళకంట. పేర్లు రాసేసుకున్నారు. మన పిల్లలు ఒక్కరూ లేరు" అంది చర్చిలో పాటలు పాడే సుశీల.

పేరంటాలు గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ గది ఉండబట్టే మనవాళ్ళు పదకొండుమంది బళ్ళో ఉన్నారు. అది పోతే ఎక్కడికొస్తారొదినా? ఇక్కడికే. వలిచే చేతులు ఎవరికి కావాలో ఆలోచించు."

పద్మజ చిన్నకూతురు ఆరో తరగతి. "పనిలోంచి తీసేస్తాడేమో" అంది ఆమె.

"ఒక్కళ్ళం మానితే తీసేస్తాడు. అందరం మానితే?"

మర్నాడు షెడ్డులో ఐసు కరిగి రొయ్యల మీంచి నీళ్ళు కారిపోయాయి. వలిచేవాళ్ళంతా బడి గేటుకి అడ్డంగా కూర్చున్నారు. లోపల్నించి పిల్లలు బకెట్లు, అన్నం పళ్ళేలు పట్టుకొచ్చి వాయించారు. ఇందు ప్లాస్టిక్ డ్రమ్ము మీద దరువు వేసింది. పేరంటాలు వల లాగేటప్పటి పాట ఎత్తుకుంటే సుశీల గొంతు కలిపింది. రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి.

"రేపట్నించి మీకు పని లేదు" అన్నాడు రమేష్ బాబు వచ్చి.

"ఎవరికండి?" పద్మజ లేచి నిలబడింది. "నలభైమందికీనా?"

అతను ఫోను తీశాడు. అరగంటలో పోలీసు జీపు వచ్చి పేరంటాల్నీ, వాళ్ళతోపాటు కూర్చున్న బర్నబాస్‌నీ ఎక్కించుకుపోయింది. వెనక డ్రమ్ము మాత్రం ఆగలేదు.

స్టేషన్లో కానిస్టేబుల్ శివనాగరాజు పేర్లు రాసుకుంటున్నాడు.

"మీదే ఊరన్నా?" అని అడిగింది పేరంటాలు.

"కొల్లూరు."

"పిల్లలు గవర్నమెంటు బడేనా? సంగీతం సారున్నాడా?"

పెన్ను ఆగింది. "ఉండేవాడు. పోయిన నెల్లో తీసేశారు."

"సోమవారం అందరం బాపట్ల కలెక్టరాఫీసుకి పోతన్నాం. మీ ఆవిణ్ణి రమ్మను. ఆ బడి అమ్మల్ని ఎంతమందొస్తే అంతమందిని తీసుకుని."

అతను తలుపు వైపు ఒకసారి చూసి, ఎన్నింటికని మాత్రం అడిగాడు.