అక్క నడిపిన ఎర్ర కారు

మా బావ వాడిన గేమ్ కంట్రోలర్ ముట్టుకుంటే నాకు వెంటనే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. బటన్ల సందుల్లో బిస్కెట్ల పొడి, పట్టుకునే చోట చెమట జిడ్డు, ఎప్పుడో ఒలికి ఎండిపోయిన కూల్‌డ్రింకు. నేను పాత వీడియో గేములు కొని అమ్మే దుకాణంలో పనిచేస్తాను. ఊళ్లో వాళ్ల మురికంతా మా కౌంటరు మీదికే వస్తుంది. అయినా ఇంత రోత నేనక్కడ కూడా చూడలేదు.

అలాంటి కంట్రోలర్‌ని ఆ మహానుభావుడు మా అక్క చేతిలో పెట్టాడు.

అక్కది కళ్లజోళ్ల షాపులో పని. ఆవగింజంత స్క్రూలు ఫ్రేములకు బిగిస్తుంది. మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూస్తే బొటనవేలు మాట వినడం మానేసింది. ఫిజియోథెరపీ ఆవిడ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, అక్క రెండ్రోజులు పిసికి దాన్ని సోఫా కిందికి తన్నేసింది. "పోనీ వీడియో గేములాడండి. బొటనవేలికి అంతకన్నా మంచి పని దొరకదు. ఆట మీ చేతికి లొంగిందంటే వేలు దారికొచ్చినట్టే" అందావిడ. షాపు ఓనరు అప్పటిదాకా అక్క కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడు. వచ్చి తన కళ్లముందు ఒక్క ఫ్రేము బిగించి చూపించాలట. చేయి తిరగలేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాడట.

అక్క పుట్టి బుద్ధెరిగి ఒక్క గేమూ ఆడలేదు. కొత్తవాళ్లకు ఏ ఆట ఇవ్వాలో చెప్పడమే నా ఉద్యోగం. వాళ్ల ఆటలో టైము వెంటపడి తరమకూడదు. పడితే పడ్డచోటే లేవాలి, మళ్లీ మొదటికి తోలకూడదు. బటన్లన్నీ ఒకేసారి నెత్తిన వెయ్యకూడదు. వెతికి వెతికి ఒక బాతు ఆట పట్టుకెళ్లాను. మెళ్లో సంచీ వేసుకున్న బాతు, చెరువులో తేలే చెక్కల మీదుగా నడుస్తూ ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది. అంతే. తుపాకీ లేదు, నెత్తురు లేదు.

బావ ఆ ఆట డబ్బాను చచ్చిన ఎలకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. "ఏంటి మరదలా ఇది? నా పెళ్లాం ఏమైనా పాలు తాగే పాపాయా?"

"అక్కకి కొత్త కదా బావా."

"పక్కన నేనుండగా కొత్తేంటి? డైరెక్టుగా కార్ల రేసులో దింపేస్తా చూడు!"

ఈ బాపతు మొనగాళ్లను నేను రోజూ చూస్తాను. "మా ఆవిడకండీ, ఈజీగా ఉండేది ఇవ్వండి" అంటూ వస్తారు. ఇచ్చింది పక్కకు నెట్టి, జాంబీల తలలు నరికే ఆట చంకలో పెట్టుకుపోతారు. ఆవిడ రెండుసార్లు చచ్చిందో లేదో, "ఇటివ్వు, నేను చూపిస్తా" అని లాక్కుంటారు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, "మా ఆవిడకి ఇంట్రెస్టు లేదండీ" అని నాకే చెబుతారు, సిగ్గూ శరం లేకుండా.

కానీ అక్క నుంచి వచ్చే ఫోన్లు వేరేగా ఉన్నాయి.

"ఇవాళ కూడా నేనే గెలిచానే! ఎర్ర కారు నాది. మీ బావ నా వెనకాలెక్కడో ఉన్నాడు!" అని ఒకటే సంబరం. వారం పైగా రోజూ ఇదే పాట. పోన్లే, ఆ మనిషికి నేర్పడం కూడా వచ్చన్నమాట అనుకున్నాను. చివరికి శనివారం చెప్పింది, "సోమవారం షాపుకి వస్తున్నానని ఓనరుకి చెప్పేశానే. ఇంకెందుకు ఆలస్యం?"

ఆదివారం నేను దూదీ స్పిరిటు సీసా తీసుకుని వెళ్లాను. ఆ జిడ్డు సంగతి నా బుర్రలోంచి పోలేదు మరి.

అక్క సోఫా అంచున కూర్చుని, నాలుక బయటపెట్టి, బటన్లు నొక్కేస్తోంది. బావ చేతిలో మాత్రం కొత్త కంట్రోలర్ నిగనిగలాడుతోంది. టీవీలో ఎర్ర కారు మలుపులన్నీ అలవోకగా తిరిగి అందరికన్నా ముందు గీత దాటింది.

"చూశావా!" అని ఎగిరింది అక్క.

"చూశాను గానీ, ముందు అది ఇటివ్వు, తుడుస్తాను. దాన్ని పట్టుకుంటే ఉన్న చెయ్యి కూడా కుళ్లిపోతుంది."

ఒక్కసారి రుద్దగానే దూది నల్లబడింది. బావ సోఫాలోంచి లేచాడు. ఆ మనిషి సోఫాలోంచి అంత చురుగ్గా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "వదిలెయ్ మరదలా, బాగానే ఉందిగా, నేను తుడుస్తాలే..." అంటూ చెయ్యి చాపాడు. నేనప్పటికే వెనక మూత తీశాను.

లోపల బ్యాటరీలు లేవు. పచ్చగా తుప్పు పట్టిన స్ప్రింగులు, ఎండిపోయిన బొద్దింక పిల్ల ఒకటి ఉన్నాయి. ఛీ!

"బ్యాటరీలేవి బావా?"

బావ కొత్త కంట్రోలర్‌ని ఒళ్లో పెట్టుకుని మళ్లీ సోఫాలో కూలబడ్డాడు. అక్కే అడిగింది, "బ్యాటరీలు లేకుండా ఎలా నడుస్తుందే?"

"నడవదక్కా."

"మరి ఎర్ర కారు?"

"దాన్ని గేమే నడుపుకుంటోంది. బావ కారుతో పోటీకి దిగే కంప్యూటరు కారది."

అక్క టీవీ వైపు చూసింది. అక్కడ తర్వాతి రేసు మొదలైపోయింది. ఎర్ర కారు ఎవరి ప్రమేయమూ లేకుండా దూసుకుపోతోంది.

"అది కాదే" అన్నాడు బావ. "మొదటిరోజు ఈ కొత్తదే ఇచ్చాను కదా, నీ కారు గోడని గుద్దుతూనే ఉంది. ఏడుపు మొహం పెట్టావు. నువ్వు సంతోషంగా ఉంటే చాలనుకున్నా. ఇందులో తప్పేముంది?"

"నీ ఆటకి అడ్డమొస్తోందని చెప్పు!" నాకు ఒళ్లు మండిపోయింది. "బొమ్మ ఫోనిచ్చి చంటిదాన్ని మూల కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావు. రేపు ఓనరు ముందు స్క్రూ జారిపోతే, అప్పుడూ గెలిచావనే చెప్తావా? నిన్ను చూస్తేనే అసహ్యమేస్తోంది బావా."

అక్క ఏడవలేదు. తన బొటనవేలిని ముందుకూ వెనక్కూ ఆడించి చూసుకుంది. అది సగం వరకే వచ్చింది.

"నేను పక్కన కూర్చుని గెలిచానని గంతులేస్తుంటే, నీకు నవ్వొచ్చేదా?" అని అడిగింది మొగుణ్ణి.

బావ నేల చూపులు చూశాడు. "మొదట్లో వచ్చేది" అన్నాడు.

అక్క ఎడమ చేత్తో బావ ఒళ్లోంచి కొత్త కంట్రోలర్ తీసుకుంది. "ఆ బాతుని పెట్టవే" అంది నాతో.

పెట్టాను. బాతు టపటపా నడుచుకుంటూ మొదటి చెక్క చివరికి వెళ్లింది. అక్కణ్ణించి గెంతాలంటే కుడి బొటనవేలితో బటన్ నొక్కాలి. అక్క వేలు వణుకుతూ వచ్చేసరికి బాతు దబ్బున నీళ్లలో పడింది. అదే చెక్క మీద మళ్లీ లేచింది. మళ్లీ పడింది. బావ అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. "అలా కాదే, ఇటివ్వు, నేను చూ..."

"చెయ్యి తియ్" అంది అక్క. అతను తీశాడు.

ఇంకోసారి పడ్డాక అక్క ఫోన్ తీసి ఓనరుకి కలిపింది. "రేపు రాలేనండీ. చెయ్యి ఇంకా బాగవలేదు. అవునండీ, నిన్న బాగయిందనే చెప్పాను. ఇవాళే తెలిసింది." అవతలివైపు ఆయన ఏదో గట్టిగా అన్నాడు. "సరేనండీ, నెలాఖరుకి. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం" అని పెట్టేసింది.

మళ్లీ బాతుని చెక్క చివరికి నడిపించింది. మళ్లీ దబ్బున నీళ్లు చిమ్మాయి.

"ఇప్పుడు పడింది నేనే కదే?" అంది తల తిప్పకుండా.

"నువ్వేనక్కా."

"ఊఁ" అని మళ్లీ నొక్కింది.