గుహలో దాచిన బల్బు

వెలుతురును నమ్మడం ఎల్లాజీ ఎప్పుడో మానేశాడు. మనిషిని నమ్మొచ్చు, కుక్కను నమ్మొచ్చు, దీపాన్ని మాత్రం నమ్మకూడదంటాడు. ఆ మాట అనే హక్కు అతనికుంది. కుర్రతనంలో నాలుగేళ్ళు బొర్రా గుహల్లో యాత్రికులకు టార్చి చూపించి బతికాడు. ఉత్త రాయి మీద ఏటవాలుగా వెలుగు కొట్టి "అదిగో శివుడి జడ, ఇదిగో సీతమ్మ ఉయ్యాల" అంటే ఆడవాళ్ళు చెంపలేసుకునేవారు, మగవాళ్ళు చెప్పులు విప్పేవారు. టార్చి రెండు వేళ్ళు పక్కకు జరిపితే జడా లేదు, ఉయ్యాలా లేదు. ఇప్పుడు పట్నంలో, రాంగోపాల్‌పేట్‌లో కాపురం, ఫంక్షన్ హాళ్ళకు లైటింగ్ కట్టే పని. పూలదండ వెనక, దేవుడి విగ్రహం వెనక బల్బు ఎలా దాచాలో అతని దగ్గరే నేర్చుకోవాలి.

అలాంటివాడి పెళ్ళాం ఒక గురువారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా, "మావా, నాకు జ్యోతి కనబడినాది" అంది.

ఆమె పేరు లోవలక్ష్మి. చీరలకు ఫాల్స్ కుడుతుంది. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు, అవి తీస్తే గుమ్మం కూడా తడుముకోవాల్సిందే. కుట్టుకు చీరలిచ్చే ఒకావిడ నెల కిందట ఆమెను మారేడ్‌పల్లిలో జ్యోతి గుహకు తీసుకెళ్ళింది. గుహ అంటే మరీ గుహ కాదు, ఓ పాత ఇంటి పెరట్లో రెండు పెద్ద బండల నడుమ సందు. రైల్వేలో పనిచేసి రిటైరైన భద్రయ్య దానికి పైన కప్పు వేయించి, తలుపు పెట్టించి, సందుల్లో సిమెంటు పూయించాడు. ప్రతి గురువారం పొద్దున పదిమంది ఆ చీకట్లో కళ్ళు తెరుచుకుని గంటసేపు కూర్చుంటారు. మనమంతా అజ్ఞానమనే గుహలో ఉన్నామనీ, ఓపిక పడితే వెలుగు తనంతట తనే వస్తుందనీ ఆయన చెబుతాడు. చందా లేదు, హుండీ లేదు. ఎల్లాజీకి అదే పెద్ద అనుమానం. డబ్బులడిగే సామి డబ్బులతో పోతాడు, ఏమీ అడగనివాడు చివరికి ఏం అడుగుతాడో ఎవరికి తెలుసు?

"ఎలగున్నాది నీ జ్యోతి?" అన్నాడు.

"మెరుపులాగ మావా. ఎడం పక్కనుంచి ఇలగ ఒచ్చీసి అలగ పోనాది. రెండు సార్లు."

"ఎడం పక్కన ఎవరు కూకున్నారు?"

"భద్రయ్యగోరు."

ఇంకేం కావాలి? ఎల్లాజీకి తీగ దొరికింది, డొంక కదిలించడమే మిగిలింది.

మరుసటి గురువారం టెస్టరు, జేబులో చిన్న టార్చి పెట్టుకుని భార్య కంటే గంట ముందే మారేడ్‌పల్లి చేరాడు. తలుపు బార్లా తీసే ఉంది. లోపల మోకాళ్ళ మీద పాకుతూ బండ సందులన్నీ తడిమాడు. సిమెంటు గీకాడు. చాపలెత్తి చూశాడు. నిచ్చెన కనబడితే దాన్నీ వదలకుండా ఎక్కి కప్పు తడుముతుండగా కింద నుంచి గొంతు వినబడింది.

"ఏందయ్యా, ఏం దేవులాడుతున్నవ్?" భద్రయ్య. చేతిలో చీపురుంది.

"ఉంగరం పడిపోనాదండి."

"ఉంగరం పడితే కిందికి పడుతది గదా. పైకెట్ల పోయింది?"

ఎల్లాజీ నిచ్చెన దిగాడు. ముసలాయన మాత్రం కోప్పడలేదు. "దేవులాడు బిడ్డా, ఆ మూల సుత చూడు. నేను సుత పదకొండేండ్ల సంది దేవులాడుతున్న. నాకైతే గింత వెలుగు కనబడలే. మీ ఇంటామెకు నెల తిరగక ముందే కనబడ్డది," అన్నాడు. అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత చక్కగా నటిస్తున్నాడో అనుకున్నాడు ఎల్లాజీ.

ఆ రోజు అతనూ లోపల కూర్చున్నాడు. తలుపు మూశారు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఎంతసేపైందో, పక్కనే లోవలక్ష్మి "అదిగో!" అని ఊపిరి పీల్చింది. ఎల్లాజీ చటుక్కున టార్చి వెలిగించి భద్రయ్య ముఖం మీదికి కొట్టాడు. పదిమందీ కెవ్వుమన్నారు. ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి, ఖాళీగా. వెనక బండ, ముందు బండ. వైరు లేదు, అద్దం లేదు, కన్నం లేదు. తేరుకున్నాక అందులో ఒకావిడ వచ్చి లోవలక్ష్మి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

ఆ దణ్ణం ఎల్లాజీకి నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది. ఆటోలో ఇంటికొస్తూ దారంతా లెక్క కట్టాడు. బల్బు గుహలో లేదు. భద్రయ్య చేతిలో లేదు. అయితే అబద్ధం ఎవరి దగ్గరున్నట్టు? తన పెళ్ళానికి దేవతగా కొలువు తీరాలని బుద్ధి పుట్టిందన్నమాట. ఇరవై రెండేళ్ళు కాపురం చేసినా ఆడదాని లోతు తెలియలేదని తనను తనే తిట్టుకున్నాడు.

ఇంటికి రాగానే పైడితల్లి పటం ముందు నిలబెట్టి ఆమె చెయ్యి తన తల మీద పెట్టించుకున్నాడు. "ఇంక జ్యోతని గాని, మెరుపని గాని నీ నోటంట రాకూడదు. ఒచ్చినాదా, నా సావు సూసినట్టే. ఒట్టెయ్యి."

"నిజంగా కనబడతన్నాది మావా. ఇంటికాడ కూడా..."

"ఒట్టెయ్యి!"

ఆమె వేసింది. వాళ్ళ ఊళ్ళో మొగుడి తల మీద వేసిన ఒట్టు మీద ఇంక అప్పీలు ఉండదు. ఇంటికాడ కూడా ఏమిటో అతను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

తర్వాత ఇల్లు నిమ్మళంగా ఉంది. లోవలక్ష్మి గుహకు వెళ్ళలేదు, ఆ మాటే ఎత్తలేదు. ఎల్లాజీకి గెలిచినట్టే ఉంది. ఒకసారి అన్నం తింటూ ఆమె చేత్తో గాలిలో ఈగల్ని తోలింది. అతను చూస్తే ఒక్క ఈగా లేదు. ఇదేం కొత్త నాటకమో అనుకుని పప్పు కలుపుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున టీ తెస్తూ ఆమె ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంది. టీ ఒలికింది. అక్కడే నిలబడి, "మావా, ఎడం కంటికి పరదా దిగిపోనాది" అంది. పరదా మీద ఒట్టు లేదు కాబట్టి ఆ మాట అనగలిగింది.

ఎల్లాజీ ముందు నమ్మలేదు. కళ్ళద్దాలు తీసి లుంగీతో తుడిచి మళ్ళీ పెట్టాడు. తర్వాత తన అరచేత్తో ఆమె కుడికన్ను మూసి, "నా మొకం కనబడతందా?" అన్నాడు.

"సగమే ఉన్నాది."

అప్పుడు భయపడ్డాడు. ఆ భయంలోనే ఆటో ఎక్కించాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టర్ బ్యూలా గదిలో లైట్లన్నీ ఆర్పి, తలకు దీపం కట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చీకట్లో ఎల్లాజీ గోడకానుకుని నిలబడ్డాడు. "మెరుపులు కనిపించాయా?" అని డాక్టర్ అడిగితే లోవలక్ష్మి నోరు విప్పలేదు. ఎల్లాజీయే, "గుహలో కనబడినాయందండి" అని నసిగాడు.

"గుహలో కాదు, కంట్లో వచ్చాయి. చీకట్లో బాగా తెలుస్తాయంతే. పవర్ ఎక్కువున్నవాళ్ళకు కంటి వెనక పొర పల్చబడి చిరుగుతుంది. చిరిగేటప్పుడు అట్లా మెరుస్తుంది, నల్లగా ఈగలు తిరిగినట్టుంటుంది. అప్పుడే వచ్చుంటే లేజర్‌తో అరగంట పని. ఇప్పుడు పొర ఊడిపోయింది. ఆపరేషన్ చేస్తాం. చూపు ఎంత నిలుస్తుందో మాత్రం చెప్పలేను."

లైట్లు వేశాక కూడా ఎల్లాజీ కదల్లేదు. అరగంట పని. ఆ అరగంటకు బదులు తను సిమెంటు గీకాడు.

డాక్టర్ కాగితం మీద రాస్తూ మళ్ళీ అడిగింది. "కుడి కంట్లోనూ పొర పల్చగానే ఉంది. అందులో మెరుపులేమైనా వస్తున్నాయామ్మా? సరిగ్గా చెప్పు, ఉన్న కన్ను అదొక్కటే."

లోవలక్ష్మి మొగుడి తల వైపు చూసింది, తర్వాత నేలకేసి చూసింది. "నేదండి," అంది.

ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన నిజాలన్నీ అతనికి అబద్ధాల్లా వినబడ్డాయి. ఇది మాత్రం అబద్ధమని వెంటనే తెలిసిపోయింది.

"లోవా, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"నీ తల మీద ఏసినాను మావా."

"నా తలే కదా, ఏటైతే నానే పడతాను. సెప్పు."

ఆమె డాక్టర్ వైపు కాకుండా అతని వైపే తిరిగి చెప్పింది. "నిన్న సందేళ నుంచి. కుడి పక్కన. మూడు సార్లు మెరిసినాది."

డాక్టర్ కలం పక్కన పడేసి లేచింది. "పదండి, ఆ కంటికి లేజర్ ఇప్పుడే చేసేద్దాం."

ఎల్లాజీ ఆమెకు కనబడని ఎడమ పక్కకు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకా ఏటేటి కనబడినాదో అన్నీ సెప్పు," అన్నాడు. నడుస్తూ ఆమె మొదటి రోజు నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.