దండెం మీద ఖాళీ

“మురికి పోవాలి, మరక పోకూడదు. అర్థమైందా?” అన్నాడు టేపు మాస్టారు, చిన్న పసుపు గౌనొకటి ఆమె ఒళ్ళో పడేసి.

అర్థం కాకపోవడానికేముంది. నిన్న తీసిన షాటులో పిల్ల గౌను భుజం మీద నీలం రంగు చారిక పడింది. మిగతా సగం ఇవాళ తీస్తారు. చారిక ఉన్నచోటే ఉండాలి, చెమటా దుమ్మూ మాత్రం ఉండకూడదు. ఆమె ఆ చారికను వదిలేసి చుట్టూ ఉతికింది, పుండు తగలకుండా చుట్టూ కడిగినట్టు. షూటింగులో బట్టల విభాగానికి ఆయన పెద్ద. అన్నం తినేటప్పుడు కూడా మెడలో కొలతల టేపు తియ్యడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆమెకి పేరేమీ రాలేదు. “ఉతికే ఆవిడ” అంటారు, అంతే.

సినిమా కొత్తదేం కాదు. ఎప్పుడో జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన పాత సినిమానే మళ్ళీ తీస్తున్నారు. పెళ్ళాం పోయిన మగాడికి ఏడుగురు పిల్లలు, మొగుడు పోయిన ఆడదానికి ఐదుగురు. ఇద్దరూ పెళ్ళి చేసుకుని అందర్నీ ఒకే ఇంట్లోకి చేరుస్తారు. ఇంక చూసుకోండి, స్నానాల గది ముందు వరస, భోజనాల బల్ల దగ్గర కొట్లాట, గోడలకి రంగులేస్తామని మొదలెట్టి ఒకరి నెత్తిన ఒకరు డబ్బాలు కుమ్మరించుకోవడం. చివర్లో అందరూ ఒక్కటైపోతారు. ఆ పన్నెండు మంది బట్టలూ ఎవరు ఉతికారో పాతదాంట్లో చూపించలేదు, కొత్తదాంట్లోనూ చూపించరు. నవ్వుకోడానికి వచ్చినవాడికి అవన్నీ ఎందుకు?

ఆమెని ఈ పనిలో పెట్టించింది మొగుడే. షూటింగులకి జనరేటర్ వ్యాను తోలతాడు. “ఇంట్లో చేసేదీ అదేగా. అక్కడ చేస్తే నాలుగు డబ్బులొస్తాయి, మధ్యాహ్నం భోజనం వాళ్ళే పెడతారు” అన్నాడు. అంటే ఇంట్లో ఉతకడం మానెయ్యమని కాదు. తెల్లారకుండానే ఇంట్లో ఆరుగురి బట్టలు ఉతికి ఆరేసి, ఇక్కడికొచ్చి పన్నెండు మందివి ఉతుకుతుంది. ఏ చొక్కాకి ఏ గుండీ వదులో, ఏ గౌను అంచు దగ్గర కుట్టు ఊడుతోందో ఇప్పుడు ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఈ కథంటే మొగుడికి మహా ఇష్టం. మొదటిసారి ఆమెని చూడటానికి ఆమె అక్క ఇంటికి వచ్చినరోజు టీవీలో ఈ పాత సినిమానే వస్తోంది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “చూశావా, మనదీ ఇలాగే ఉంటుంది. నా నలుగురూ, నీ ఒక్కతే. వాళ్ళు పన్నెండు మందితో నెట్టుకొచ్చారు, మనకి ఐదుగురు ఒక లెక్కా?” అన్నాడు. అక్క పక్కన నిలబడ్డ ఆమె ఐదేళ్ళ కూతురు కూడా, ఏమీ అర్థం కాకపోయినా, అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసే ఆమె ఒప్పుకుంది.

తీరా పెళ్ళి దగ్గరపడ్డాక అత్తగారు నోరు విప్పింది. “ముందు నువ్వొక్కదానివే రా అమ్మాయ్. తల్లిలేని పిల్లలు, నీకు అలవాటు పడాలిగా. ఆ తర్వాత నీ పిల్లని తెచ్చుకుందువుగానీ, ఎవరొద్దన్నారు?”

నిజమే, ఎవరూ వద్దనలేదు. వద్దంటే ఏడవచ్చు, పోట్లాడొచ్చు, నలుగుర్లో పెట్టొచ్చు. “ఇప్పుడు కాదు” అన్నవాళ్ళతో ఏం పోట్లాడతారు? పెద్దదాని పరీక్షలవ్వనీ అన్నారు. తర్వాత చిన్నవాడికి జబ్బు చేసింది. ఆ తర్వాత ఇల్లు ఇరుకైంది. ఇరుకన్న మాట అత్తగారు గదిమధ్య కాళ్ళు బారచాపుకుని కూర్చునే అంది. “అక్కడ దానికేం తక్కువైందిప్పుడు? మీ అక్క సొంత పిల్లలా చూసుకుంటోందిగా” అన్నాడు మొగుడు. ఒకసారి వంటింట్లో ఆమె ఏడుస్తుంటే చూసి, “నీకు రెడీమేడ్‌గా నలుగుర్నిచ్చాను. ఒక్కదానికోసం ఈ ఏడుపేంటే?” అన్నాడు. సరదాకే అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు, దానికీ కారణం ఆమే అవుతుంది. ఆ నలుగురూ ఆమెని ఏమనీ పిలవరు. “ఇదిగో, నా నీలం చొక్కా ఏది?” అంటారు. ఇదిగో అంటే పలుకుతుంది. అక్క దగ్గరున్న తన పిల్లకి ఇప్పుడు పదకొండేళ్ళు.

ఆ రోజు పొద్దున ఇస్త్రీ చేస్తుంటే పక్కనే మాటలు వినపడ్డాయి. డైరెక్టర్‌కి బట్టతల. ఎండున్నా లేకపోయినా టోపీ పెట్టుకుంటాడు. అసిస్టెంటు కుర్రాడితో ఏదో తేల్చుకుంటున్నాడు.

“పిల్లల మంద ఎక్కువైందయ్యా. ఎవరెవరి పిల్లలో నాకే గుర్తుండి చావట్లేదు, జనానికేం గుర్తుంటుంది? ఒకళ్ళని తగ్గించు.”

“ఎవర్ని సార్? హీరో పిల్లలందరికీ డైలాగులున్నాయి.”

“ఆవిడ పిల్లల్లోంచి తియ్. ఆ చివరిది ఉంది చూడు, పసుపు గౌను.”

“నిన్నటి షాటులో ఉంది సార్.”

“గుంపులో గోవిందా. ఎవడు లెక్కపెడతాడు?”

అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది. పసుపు గౌను పిల్లకి ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. దాన్ని తీసుకొచ్చే నాయనమ్మ సంచి సర్దుకుంటుంటే, అది ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“నా గౌను ఆరిందా?”

“ఆరింది.”

“ఇవాళ షాటు లేదంట. రేపు రావాలా?”

వెనక నుంచి అసిస్టెంటు కుర్రాడు, “పిలుస్తాం లేమ్మా, వెళ్ళు” అన్నాడు. పిల్ల చెయ్యూపుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఇస్త్రీ పెట్టె ఎత్తడం మర్చిపోయింది. చొక్కా కాలర్ మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది. పిలుస్తాంలే. ఈ మాట ఆమె చెవికి కొత్త కాదు, నోటికీ కొత్త కాదు. అక్క ఇంటి గడపలో వంగి పిల్ల జుట్టు సర్దుతూ ఎన్నిసార్లు అనలేదు! “వచ్చేవారం వచ్చి తీసుకెళ్తాలే.” మొదట్లో పిల్ల వీధి మలుపు దాకా వెంటపడేది. తర్వాత గుమ్మం దాకా వచ్చేది. ఈమధ్య చదువుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తి “సరే” అంటోంది.

మధ్యాహ్నం పెరటి సీను. ఇంటిల్లిపాది బట్టలూ దండెం మీద ఆరేసి ఉంటాయి. తండ్రి వేషం వేసినాయన పరిగెత్తుకొచ్చి కాలు జారి దండెం పట్టుకుంటే, అది తెగి బట్టలన్నీ ఆయన మీద పడతాయి. పిల్లలంతా వచ్చి ఆ కుప్పమీద దూకుతారు. దండెం కట్టి బట్టలు ఆరేసింది ఆమే. సీను బ్రహ్మాండంగా వచ్చింది. కెమెరా పట్టుకున్నాయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే, మానిటర్‌లో మళ్ళీ చూసుకుంటున్న అసిస్టెంటు కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు.

“ఈ పసుపు గౌనెవరిది? ఆ పిల్లని తీసేశాం కదా!”

టేపు మాస్టారు ఊడిపడ్డాడు. “నీ తలకాయెక్కడ పెట్టావమ్మా? లేని పిల్లకి బట్టలారేస్తావా?”

ఆమె కావాలని చేసింది కాదు. పెద్దవాడి నిక్కరు పక్కన చిన్నదాని గౌను వేసి క్లిప్పు పెట్టడం చేతికి అలవాటైపోయింది, అంతే. మొగుడు కూడా జనరేటర్ దగ్గర్నుంచి లేచొచ్చి, “దీని సంగతి మీకు తెలీదు సార్, ఇంట్లోనూ ఇంతే, పరధ్యానం” అన్నాడు నలుగురూ నవ్వేలా. నలుగురూ నవ్వారు.

బురదలో పడ్డ బట్టలన్నీ మళ్ళీ ఉతికి, ఫ్యాను ముందు ఆరబెట్టి, మళ్ళీ దండెం మీద వేసింది. పసుపు గౌను లేకుండా. అసిస్టెంటు కుర్రాడు కెమెరా వెనక నుంచి చూసి, “మధ్యలో ఖాళీ కనపడుతోందమ్మా, పన్ను ఊడినట్టుంది. మిగతావి కొంచెం కొంచెం జరుపు” అన్నాడు.

జరిపింది. నిక్కరు ఇటు, చొక్కా అటు, తువ్వాలు ఇంకాస్త విప్పి. నాలుగు క్లిప్పులు కదిపేసరికి ఖాళీ పూడిపోయింది. దూరంగా జరిగి చూసింది. అక్కడ ఎప్పుడైనా ఇంకొకటి ఉండేదంటే ఎవరూ నమ్మరు.

“ఆఁ, ఇప్పుడు నిండుగా ఉంది” అన్నాడు కుర్రాడు.

ఇంట్లో దండెం కళ్ళముందుకొచ్చింది. ప్రతి పొద్దునా మొగుడి ప్యాంట్లూ, అత్తగారి దుప్పటీ, నలుగురి స్కూలు బట్టలూ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండుగా వేస్తుంది. ఒక్కరోజు కూడా ఖాళీ కనపడనివ్వలేదు. వాళ్ళ మాటలు వాళ్ళవే కావచ్చు, క్లిప్పులు మాత్రం తనవి. ఆరేళ్ళుగా జరిపి జరిపి పూడ్చిన చెయ్యి ఇదే. అయినా సీను అయ్యేదాకా నిలబడింది. మళ్ళీ తెగింది దండెం, మళ్ళీ నవ్వారు.

పని అయ్యాక మొగుడు వ్యాను ఎక్కుతూ, “రా, తొందరగా. అమ్మ ఆకలంటోంది” అన్నాడు.

“మీరెళ్ళండి. నాకు పనుంది.”

“ఏం పని?” అని అడిగాడుగానీ జవాబు కోసం ఆగలేదు. ఆమెకి తన పని తప్ప వేరే పనుంటుందని అతనికి ఎన్నడూ తోచలేదు.

వెలుతురు ఇంకా పోలేదు. అక్క ఇల్లు మేడమీద. మెట్లెక్కేసరికి పిల్ల గుమ్మంలోనే ఉంది. ఎత్తు ఆమె భుజం దాటిపోయింది. ఆమెని చూసి ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత లోపలికెళ్ళి గ్లాసు కడిగి, పళ్ళెంలో పెట్టి మంచినీళ్ళు తెచ్చింది. ఇంటికొచ్చిన పైవాళ్ళకి ఇచ్చినట్టు. ఆమె ఆ నీళ్ళు మొత్తం తాగింది.

“ఏంటే, చెప్పా పెట్టకుండా?” అంటూ అక్క వచ్చింది.

“దాన్ని తీసుకెళ్దామని వచ్చానక్కా.”

“వాళ్ళు ఒప్పుకున్నారా?”

“అడగలేదు.”

అక్క చెల్లెలి మొహం చూసింది. “ఇంతకాలం లేనిది…” అని గొణిగి కళ్ళొత్తుకుంది. కోపమో బెంగో తనకే తెలియదు. ఆరేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి అది.

వసారాలో దండెం నిండా బట్టలున్నాయి. ఆమె అలవాటుగా వాటి దగ్గరికి నడిచి, మొదటి క్లిప్పు తీసి ఆగిపోయింది. రెండు గౌన్లు, ఒక పూలచొక్కా, రెండు స్కూలు గౌన్లు, ఒక స్వెట్టరు. పన్నెండు మంది పరాయి పిల్లల బట్టలు గుండీతో సహా గుర్తుపట్టే మనిషి, అక్క కూతురివేవో తన కూతురివేవో తెలియక అక్కడే నిలబడిపోయింది.

“ఇందులో నీవేవే?” అంది చివరికి, పిల్ల మొహం చూడకుండా.

“నావంటూ ఏం లేవమ్మా. అన్నీ అక్కవే. తనకి బిగుతైపోతే నాకిస్తారు.” ఫిర్యాదులా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆమె చేతిలోని క్లిప్పుని మళ్ళీ దండేనికి పెట్టేసింది. “అయితే బట్టలొద్దులే. చెప్పులేసుకో.”

పిల్ల చెప్పుల దగ్గర కూర్చుని పట్టీ పెట్టుకుంటూ, ఒకటి పెట్టి రెండోది ఆపింది.

“నన్ను రానిస్తారా వాళ్ళు?”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండో పట్టీ తనే పెట్టింది. సబ్బునీళ్ళకి పగిలిన వేళ్ళు, తొందరగా దొరకలేదు.

“రానివ్వకపోతే,” అంది, “ఇద్దర్నీ రానివ్వరు.”